రాళ్లకు ముఖాలు, మనుషులకు ముఖాలు: బహులక్షణ సంకేతచిత్రాల్లో వ్యంజన, ఔచిత్యం

వ్యాససంగ్రహం

ఒక వస్తువుకు చెందిన అనేక కొలతలను ఒకే చిన్న బొమ్మలో ఇమిడ్చి చూపే పద్ధతి గణాంకశాస్త్రంలోనూ పటనిర్మాణంలోనూ చాలాకాలంగా ఉంది. ఆ బొమ్మను ‘గ్లిఫ్’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘సంకేతచిత్రం’ అని వ్యవహరిస్తున్నాను. హెర్మన్ చెర్నాఫ్ 1973లో ప్రతిపాదించిన ముఖచిత్రాలను, యూజీన్ టర్నర్ 1977లో అదే పద్ధతితో గీసిన లాస్ ఏంజెలెస్ పటాన్ని ప్రధానంగా తీసుకొని, సంకేతచిత్రం తటస్థమైన సారాంశం కాదని, వాచ్యార్థంతోపాటు వ్యంగ్యార్థాన్ని కూడా మోసే ఉక్తి అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు భారతీయ అలంకారశాస్త్రంలోని వ్యంజన, ఔచిత్య భావనలను, తెలుగు ఛందస్సులోని గురులఘు చిహ్నాలను ఆధారం చేసుకున్నాను.

కీలకపదాలు: సంకేతచిత్రం, చెర్నాఫ్ ముఖాలు, బహులక్షణ దత్తాంశం, వ్యంజన, ఔచిత్యం, గురులఘు చిహ్నాలు, గణాంక శైలీ అధ్యయనం

1. ఉపోద్ఘాతం

ఒక పువ్వును రేకుల పొడవు, వెడల్పు వంటి నాలుగు కొలతలతో వర్ణించవచ్చు. ఒక పేటను ఆదాయం, నిరుద్యోగిత, జనసాంద్రత వంటి పది కొలతలతో వర్ణించవచ్చు. ఒక కావ్యాన్ని కందాల సంఖ్య, సీసాల సంఖ్య, తత్సమ పదాల పాలు, సమాసాల నిడివి వంటి ఇరవై కొలతలతోనైనా వర్ణించవచ్చు. కొలతలు రెండే అయితే ఒకదానిని అడ్డంగా, మరొకదానిని నిలువుగా తీసుకొని కాగితం మీద చుక్క పెడితే సరిపోతుంది. మూడో కొలతకు చోటు వెతకవలసి వస్తుంది. పది పన్నెండు కొలతలు ఉన్నప్పుడు కాగితానికున్న రెండు దిశలు ఎంతమాత్రం చాలవు. ఈ ఇరుకులోనుంచే సంకేతచిత్రం పుట్టింది. చుక్కకు బదులు ఒక చిన్న బొమ్మను ఉంచి, ఆ బొమ్మలోని ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క కొలతను అప్పగించడం దాని మూలసూత్రం.

ఏ కొలతను ఏ అవయవానికి అప్పగించాలన్నది రూపకర్త నిర్ణయం. ఆ నిర్ణయం సాంకేతికమైనదిగా కనిపించినా, ఉపమేయానికి తగిన ఉపమానాన్ని ఎంచుకొనే కవి నిర్ణయం వంటిదే. అందుచేత దానిని పరిశీలించే పని గణాంకశాస్త్రజ్ఞులది మాత్రమే కాదు, సాహిత్య విమర్శకులది కూడా. సాహిత్య పరిశోధనలో గ్రాఫుల వాడకం పెరుగుతున్న ఈ కాలంలో ఈ చర్చ మరింత అవసరం. ఒక వాక్యంలోని పక్షపాతాన్ని పసిగట్టడంలో మనకు తరతరాల శిక్షణ ఉంది. ఒక బొమ్మలోని పక్షపాతాన్ని పసిగట్టే శిక్షణ మన పాఠ్యప్రణాళికల్లో అంతగా లేదు.

2. కిరణాల చుక్క: ఆండర్సన్ పద్ధతి

ఈ పద్ధతికి పునాది వేసినవారిలో ఎడ్గార్ ఆండర్సన్ ముఖ్యుడు. ఆయన అమెరికాకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు. గణాంకశాస్త్ర విద్యార్థులందరికీ పరిచితమైన ఐరిస్ పూల దత్తాంశంలోని కొలతలు ఆయన సేకరించినవే. మూడు జాతులకు చెందిన 150 పూలపై నాలుగేసి కొలతలున్న ఆ పట్టికను ఆర్. ఎ. ఫిషర్ 1936లో తన వ్యాసంలో వినియోగించుకోవడంతో అది ప్రసిద్ధమైంది.

సంకర జాతి మొక్కలను అధ్యయనం చేసే ఆండర్సన్‌కు ఒక్కొక్క మొక్కలోనూ అనేక లక్షణాలను ఒకేసారి చూడవలసిన అవసరం కలిగింది. 1957లో ఆయన ‘మెట్రోగ్లిఫ్’ అనే సంకేతచిత్రాన్ని వివరించాడు. చిన్న వృత్తం నుంచి పైకి కొన్ని గీతలు కిరణాల్లా వెలువడతాయి. ఒక్కొక్క కిరణం ఒక్కొక్క లక్షణం. లక్షణం స్వల్పమైతే కిరణం ఉండదు, మధ్యస్థమైతే పొట్టి కిరణం, అధికమైతే పొడవాటి కిరణం ఉంటుంది. మూడే స్థాయిలు కావడం ఈ పద్ధతి పరిమితి. దాని నిజాయితీ కూడా అందులోనే ఉంది. కంటికి స్పష్టంగా తేడా తెలిసేంత మేరకే అది చెబుతుంది. పైగా ఆ కిరణాల చుక్క లోకంలో మనం ఎరిగిన ఏ వస్తువునూ బలంగా స్ఫురింపజేయదు. అది ఏడవదు, నవ్వదు. చదవడం నేర్చుకున్నవారికి మాత్రమే అర్థాన్ని ఇస్తుంది.

3. రాళ్లకు ముఖాలు: చెర్నాఫ్ ప్రతిపాదన

1973లో హెర్మన్ చెర్నాఫ్ అమెరికన్ గణాంక సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసం దీనికి పూర్తిగా భిన్నమైన దారి తొక్కింది. మనిషి జీవితమంతా ముఖాలను చూస్తూ వాటిలోని అతి సూక్ష్మమైన భేదాలను కూడా గుర్తించగలుగుతున్నాడు. అటువంటప్పుడు కొలతలనే ముఖంగా గీస్తే వాటి భేదాలను కూడా సులువుగా గుర్తించగలడు కదా అన్నది చెర్నాఫ్ తర్కం. ముఖాకారం, కళ్ల పరిమాణం, కనుపాపల స్థానం, కనుబొమల వాలు, ముక్కు పొడవు, నోటి వంపు మొదలైనవాటికి 18 చరరాశుల వరకు కేటాయించే వీలును ఆయన కల్పించాడు.

ఆ వ్యాసంలోని ఉదాహరణలు గమనించదగ్గవి. మొదటిది జమైకాలో లభించిన 80కి పైగా శిలాజాలపై తీసుకొన్న ఆరేసి కొలతలు. రెండవది కొలరాడోలో ఒక కొండను తొలిచి తీసిన 53 ఖనిజ నమూనాలపై 12 చరరాశులు. శిలాజాలు ముఖాలై గుంపులుగా విడిపోయాయి. ఖనిజ నమూనాలను వరుసగా పేర్చినప్పుడు ముఖకవళికలు ఎక్కడ మారుతున్నాయో, కొండ లోపలి స్వభావం ఎక్కడ మారుతున్నదో పాఠకుడికి కనిపించింది. ఒక రాయి విచారంగా, మరొక రాయి ఆశ్చర్యంగా కనిపించినా నష్టం లేదు. రాయికి విచారం ఉండదని పాఠకుడికి తెలుసు కాబట్టి ముఖం పుట్టించే అదనపు అర్థం అక్కడే ఆవిరైపోతుంది, గుర్తింపు మాత్రం మిగులుతుంది.

అయితే రాళ్ల విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. ముఖంలోని అవయవాలన్నీ సమానమైనవి కావు. నోటి వంపులో తేడా వెంటనే తెలుస్తుంది. ముక్కు పొడవులో తేడాను వెతికి పట్టుకోవాలి. ఒక చరరాశిని నోటి నుంచి ముక్కుకు మారిస్తే సంఖ్యలు ఏమాత్రం మారకపోయినా బొమ్మ చెప్పే కథ మారుతుంది. ఈ లోపాన్ని చెర్నాఫే పరీక్షకు పెట్టడం ఆయన శాస్త్రనిష్ఠకు నిదర్శనం. 1975లో రిజ్వీతో కలిసి చేసిన అధ్యయనంలో, అవయవాల కేటాయింపును యాదృచ్ఛికంగా మార్చడం వల్ల వర్గీకరణ దోషాలు సుమారు 25 శాతం మేర ప్రభావితం కావచ్చని తేల్చారు. అంటే, రూపకర్త నిర్ణయానికి కొలవదగినంత బరువు ఉందన్నమాట. తరువాత మోరిస్, ఎబర్ట్, రైన్‌గాన్స్ చేసిన ప్రయోగాలు మరొక నమ్మకాన్ని సడలించాయి. చెర్నాఫ్ ముఖాలను చూపరి ఒక్క చూపులో గ్రహించడం లేదని, ఒక్కొక్కదానినే వరుసగా పరిశీలిస్తున్నాడని, కళ్ల పరిమాణం, కనుబొమల వాలు తక్కినవాటికంటే మెరుగ్గా పనిచేస్తున్నాయని వారు చూపారు.

4. మనుషులకు ముఖాలు: టర్నర్ పటం

1977లో పటనిర్మాణ నిపుణుడు యూజీన్ టర్నర్ లాస్ ఏంజెలెస్ నగర జీవనాన్ని చూపే పటాన్ని గీశాడు. నగరంలోని ఒక్కొక్క ప్రాంతంపై ఒక్కొక్క ముఖాన్ని ఉంచాడు. సంపన్నతను ముఖాకారానికి, నిరుద్యోగితను నోటికి, నగరజీవనపు ఒత్తిళ్లను కళ్లు, కనుబొమల తీరుకు, శ్వేతజాతీయుల నిష్పత్తిని ముఖవర్ణానికి అప్పగించాడు. నిరుద్యోగిత పెరిగినకొద్దీ నోరు కిందికి వంగుతుంది.

పటంగా దాని శక్తిని కాదనలేము. నాలుగు వేర్వేరు పటాలను పక్కపక్కన పెట్టి పోల్చవలసిన పనిని అది ఒక్క పటంతో చేస్తుంది. పేదరికం, నిరుద్యోగిత, ఒత్తిడి ఏయే ప్రాంతాల్లో ముడిపడి ఉన్నాయో, సౌఖ్యం ఎక్కడ గుమిగూడిందో చూడగానే తెలుస్తుంది. ఆ ముఖాలు చూపరిలో భావస్పందన కలిగించడాన్ని టర్నర్ దోషంగా గాక విశేషంగానే భావించాడు. సంఖ్యలు మనుషులకు సంబంధించినవని గుర్తుచేసే పటం మంచి పటమే కదా అన్న వాదనలో బలం ఉంది.

అయినా ఈ పటంలో జరిగిన ఒక మార్పును విడిగా చూడాలి. చెర్నాఫ్ ముఖం వెనుక రాయి ఉంది. టర్నర్ ముఖం వెనుక మనుషులు ఉన్నారు. ముఖం పుట్టించే అదనపు అర్థం ఇక్కడ ఆవిరి కాదు, నేరుగా ఆ మనుషులకు అంటుకుంటుంది. నిరుద్యోగిత ఒక శాతం. వంగిన నోరు ఒక మనోభావం. ఆ ప్రాంతంలో ఎందరు విచారంగా ఉన్నారని ఎవరూ లెక్కించలేదు. కనుబొమల వాలు ఒత్తిడిని సూచిస్తుందని సూచికలో రాసి ఉన్నా, చూపరికి తోచేది కోపం. ఒత్తిళ్లకు గురవుతున్న పేట, బొమ్మలో కోపిష్ఠి పేటగా మారిపోయింది. బాధితుడిని భయపెట్టేవాడిగా చూపే ఈ తారుమారు సంఖ్యల్లో లేదు, సంకేతంలో మాత్రమే ఉంది.

వర్ణం విషయం మరింత తీవ్రమైనది. నిష్పత్తి అనేది సమూహానికి చెందిన గుణం. ముఖవర్ణం వ్యక్తికి చెందిన గుణం. ఒకదానిని మరొకదానిగా మార్చినప్పుడు ఆ ప్రాంతమంతా ఒకే మనిషై, ఒకే రంగు పూసుకొని, ఒకే కవళికతో మన ముందు నిలబడుతుంది. ఆ రంగు మనిషికి ఆ కవళికే సహజమని చూపరి మనసు ముడివేసుకొనే ప్రమాదం ఉంది. జాతి, ఉపాధి, ఆదాయం ఆ నగరంలో ముడిపడిన తీరుకు చారిత్రక కారణాలున్నాయి. ముఖం ఆ కారణాలను చూపదు. ఫలితాన్ని స్వభావంగా చూపుతుంది.

5. వాచ్యం, వ్యంగ్యం, ఔచిత్యం

ఈ రెండు సందర్భాల భేదాన్ని వివరించడానికి మన అలంకారశాస్త్రంలో తగిన పరిభాష ఉంది. శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు వ్యాపారాలున్నాయని మమ్మటుడు కావ్యప్రకాశంలో నిరూపించాడు. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో వ్యంగ్యార్థానికి కావ్యాత్మ స్థానాన్ని కల్పించాడు. ఈ సిద్ధాంతాలు కావ్యభాష కోసం పుట్టినవి. వాటిని గణాంక చిత్రాలకు విస్తరింపజేయడం నా ప్రతిపాదన.

సంకేతచిత్రానికి రూపకర్త ఇచ్చే సూచిక అభిధకు సమానం. ఈ అవయవానికి ఈ చరరాశి అని అది నియమిస్తుంది. ఆ నియమానికి బయట, బొమ్మ తన లోకపరిచయం వల్ల పలికే అర్థం వ్యంగ్యం. వ్యంగ్యార్థం సందర్భాన్ని బట్టి మారుతుందని ఆలంకారికులు చెప్పారు. చెప్పేవాడు, వినేవాడు, ప్రకరణం, దేశకాలాలు దానిని నిర్ణయిస్తాయి. సూర్యుడు అస్తమించాడన్న మాట పశువుల కాపరికి ఇంటిదారి పట్టమని, దొంగకు పనికి బయలుదేరమని తోస్తుందన్నది శాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. వంగిన నోరు కూడా అటువంటిదే. ఖనిజపు ప్రకరణంలో దానికి వ్యంగ్యం శూన్యప్రాయం. మానవసమూహపు ప్రకరణంలో అదే ప్రధానమై వాచ్యాన్ని మింగివేస్తుంది. కాబట్టి ‘చెర్నాఫ్ ముఖాలు మంచివా, చెడ్డవా’ అన్న ప్రశ్నకు ప్రకరణాన్ని విడిచిపెట్టి సమాధానం చెప్పలేము.

సూచికలో అంతా స్పష్టంగా రాసి ఉన్నప్పుడు తప్పు చూపరిది కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. ఈ ఆక్షేపణ నిలవదు. వాచ్యార్థం తెలిసినంత మాత్రాన వ్యంగ్యార్థం ఆగిపోదు. పైగా ముఖాన్ని ఎంచుకోవడానికి చెర్నాఫ్ చెప్పిన కారణమే, మనిషి దానిని నేర్చుకోకుండానే చదవగలడని. ఆ సహజశక్తిని వాడుకొంటూ, దాని వెంట వచ్చే సహజభావాలను మాత్రం పక్కన పెట్టమని చూపరిని అడగడం న్యాయం కాదు.

ఇక్కడ క్షేమేంద్రుని ఔచిత్య సిద్ధాంతం కొలబద్దగా ఉపకరిస్తుంది. పదకొండవ శతాబ్దికి చెందిన ఆ ఆలంకారికుడు అలంకారం తగిన చోట ఉన్నప్పుడే అలంకారమవుతుందని, చోటు తప్పితే నవ్వుల పాలవుతుందని ఔచిత్యవిచారచర్చలో నిరూపించాడు. సంకేతచిత్రంలో ఔచిత్యమంటే కేవలం పోలిక కాదు. నిరుద్యోగితకు వంగిన నోరు పోలిక దృష్టితో చూస్తే ఎంతో తగినట్లు కనిపిస్తుంది. అయితే కొలిచినదానికి మించి చెప్పడం వల్ల అది అనుచితమవుతుంది. వ్యంగ్యం వాచ్యానికి లోబడి ఉన్నంతవరకే సంకేతచిత్రానికి ఔచిత్యం. కావ్యానికి వ్యంగ్యప్రాధాన్యం గుణమైతే, దత్తాంశ చిత్రానికి అదే దోషం. ఈ విపర్యయమే కావ్యచిత్రణకు, గణాంకచిత్రణకు మధ్యనున్న ఎల్ల.

6. మౌన సంకేతాలు: గురులఘువులు, వాతావరణ పటాలు

వ్యంగ్యాన్ని అదుపులో ఉంచుకొన్న సంకేతాలు మన శాస్త్రాల్లోనే ఉన్నాయి. ఛందస్సులో గురువుకు గిన్నె వంటి వంపు గుర్తు, లఘువుకు నిలువు గీత వాడతాం. పద్యపాదానికి అర్థం, రసం, నాదం వంటి ఎన్నో లక్షణాలున్నా ఈ చిహ్నాలు ఉచ్చారణ కాలాన్ని ఒక్కదానినే తీసుకొని తక్కినవన్నీ విడిచిపెడతాయి. ఏమి విడిచిపెట్టాయో అందరికీ తెలుసు. గురులఘువుల వరుసను చూసి పద్యం కరుణరసమని ఎవరూ అనుకోరు.

అంతేకాదు, సంకేతాన్ని మారిస్తే కనిపించేది మారుతుందనడానికి కూడా ఛందస్సు మంచి ఉదాహరణ. ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ. చంపకమాల గణాలు న, జ, భ, జ, జ, జ, ర. ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వృత్తాలకు చుట్టరికమే కనిపించదు. గురులఘు చిహ్నాలుగా రాసి చూస్తే ఉత్పలమాలలోని తొలి గురువుకు బదులు రెండు లఘువులు వేస్తే చంపకమాల వస్తుందని, తక్కిన 19 అక్షరాలు యథాతథంగా ఉంటాయని వెంటనే తెలుస్తుంది. దత్తాంశం ఒక్కటే. గణనామం దాచిన బంధుత్వాన్ని గురులఘు చిహ్నం బయటపెట్టింది. సంకేతరచన అలంకరణ కాదని, జ్ఞానసాధనమని దీనివల్ల స్పష్టమవుతుంది.

తెలుగు అక్షరం కూడా ఒక బహులక్షణ సంకేతమే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, తావత్తు, రావత్తు, దీర్ఘమైన ఈకారం ఒక్కొక్కటి తనకు కేటాయించిన చోట నిలిచి ఉన్నాయి. పాఠకుడు దానిని ఒక్క ఆకృతిగా చదువుతాడు. కావలసినప్పుడు ఏ భాగానికి ఆ భాగాన్ని విడదీసి చెప్పగలడు. 1974లో మనస్తత్వశాస్త్రజ్ఞుడు వెండెల్ గార్నర్, గ్రహింపులో విడదీయగల లక్షణాలకు, కలగలిసిపోయే లక్షణాలకు భేదాన్ని నిరూపించాడు. గుణింతపు గుర్తులు విడదీయగల తీరులో పనిచేస్తాయి. ముఖంలో కనుబొమ, నోరు కలిసి ఒకే భావంగా కరిగిపోతాయి. కాబట్టి ముఖం గుర్తింపుకు పనికివచ్చినంతగా పఠనానికి పనికిరాదు.

వాతావరణ పటాల్లోని కేంద్రసంకేతం ఈ కోవకు చెందిన మరో విజయవంతమైన నమూనా. చిన్న వృత్తంలో నింపిన భాగం ఆకాశంలో మబ్బు ఎంత మేర కమ్ముకొన్నదో చెబుతుంది. వృత్తం నుంచి వెలువడే కాడ గాలి దిశను, కాడకున్న ఈకలు వేగాన్ని తెలుపుతాయి. సగం ఈక 5 నాట్లు, పూర్తి ఈక 10 నాట్లు, త్రికోణ పతాక 50 నాట్లు. వృత్తం చుట్టూ ఉష్ణోగ్రత, పీడనం వంటివి నియతస్థానాల్లో అంకెలుగానే ఉంటాయి. బొమ్మగా చూపదగినదానిని బొమ్మగా, సంఖ్యగా చెప్పవలసినదానిని సంఖ్యగా ఉంచిన వివేకం ఇందులో కనిపిస్తుంది. ఉమ్మడి కొలబద్దపై స్థానాన్ని మనిషి కన్ను అన్నిటికంటే కచ్చితంగా అంచనా వేస్తుందని, పొడవు, కోణం, వైశాల్యం, రంగు అంతకంతకు బలహీనమని 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ ప్రయోగపూర్వకంగా చూపారు. సంకేతచిత్రం ఆ బలహీనమైన సాధనాలపై ఆధారపడక తప్పదు. కాబట్టి దాని నుంచి స్థూలమైన పోలికనే ఆశించాలి, సూక్ష్మమైన పరిమాణాన్ని కాదు.

7. తెలుగు పరిశోధనకు అన్వయం

గణాంక శైలీ అధ్యయనాలు మన విశ్వవిద్యాలయాల్లో విస్తరిస్తే కవులను, కావ్యాలను సంకేతచిత్రాలుగా చూపే ఆకర్షణ తప్పక కలుగుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. కవిత్రయంలో ఒక్కొక్కరి శైలిని ఒక్కొక్క ముఖంగా గీయాలని ఒక పరిశోధకుడు సంకల్పించాడనుకొందాం. తత్సమ పదాల పాలును కనుబొమలకు, సమాసాల నిడివిని నోటికి కేటాయించాడు. ఎక్కువైనకొద్దీ కనుబొమలు ముడిపడాలని, నోరు కిందికి వంగాలని నియమించాడు. తిక్కన రచనలో తెలుగు పలుకుబడి పాలు ఎక్కువని సాహిత్యచరిత్రకారులు సాధారణంగా చెబుతారు. కాబట్టి ఈ పటంలో తిక్కన చిరునవ్వు చిందిస్తాడు, నన్నయ ముఖం చిట్లిస్తాడు. దిశను తిప్పితే నన్నయ ప్రసన్నుడవుతాడు, తిక్కన ఖిన్నుడవుతాడు. సంఖ్య ఒక్కటి కూడా మారలేదు.

మార్గ, దేశి కవితల తారతమ్యంపై మన విమర్శలో ఎంతో చర్చ జరిగింది. ఎవరు ఏ పక్షం వహించినా వాదన చెప్పి, ఉదాహరణ చూపి, ప్రతివాదానికి చోటిచ్చారు. పై బొమ్మ ఏ వాదనా చేయకుండానే తీర్పు చెప్పేస్తుంది. పైగా ఆ తీర్పు గణాంకమనే ముసుగు వేసుకొని వస్తుంది కాబట్టి దానిని ప్రశ్నించడానికి పాఠకుడు జంకుతాడు. సిద్ధాంతగ్రంథంలో ‘నన్నయ శైలి అప్రసన్నం’ అన్న వాక్యం కనిపిస్తే పరీక్షకుడు ఆధారం అడుగుతాడు. అదే మాటను ఒక కనుబొమ చెప్పినప్పుడు కూడా అడగాలి.

అందుచేత సంకేతచిత్రాన్ని వాడే పరిశోధకుడు అవయవాల కేటాయింపును, దిశను ఎందుకలా నిర్ణయించాడో ఉల్లేఖనకు ఆకరం చూపినట్లే వ్యాసంలో చెప్పాలి. కనీసం ఒకసారి కేటాయింపును మార్చి గీసి చూడాలి. కేటాయింపు మారినా నిలిచే గుంపులు మాత్రమే దత్తాంశానికి చెందినవి. మార్చగానే చెదిరిపోయే గుంపులు రూపకర్తకు చెందినవి. మూల సంఖ్యల పట్టికను బొమ్మ పక్కనే ఉంచాలి. వస్తువు మనుషులకు, సమూహాలకు, వారి భాషకు చెందినదైనప్పుడు ముఖం వంటి వ్యంగ్యభరిత రూపాన్ని విడిచి, ఆండర్సన్ కిరణాల వంటి మౌనరూపాన్ని ఎంచుకోవడం మేలు. కులం, మతం, ప్రాంతం, మాండలికం వంటి అంశాలను ముఖవర్ణంగానో, ముఖాకృతిగానో మార్చడాన్ని ఏ సౌలభ్యం కోసమూ సమర్థించలేము.

8. ముగింపు

చెర్నాఫ్ ముఖాలు ఒక ప్రతిభావంతమైన ఊహ. కొండ లోపలి ఖనిజాలకు కవళికలిచ్చి వాటి భేదాలను చూపగలగడం చిన్న విషయం కాదు. ఆ ఊహ రాళ్ల నుంచి మనుషుల మీదికి వచ్చినప్పుడు దాని గణితం మారలేదు, వ్యంజన మారింది. టర్నర్ పటం బలం, దోషం రెండూ ఆ మార్పులోనే ఉన్నాయి. సంకేతచిత్రాన్ని అంచనా వేయడానికి అది ఎన్ని చరరాశులను ఇముడ్చుకొన్నదన్న లెక్క చాలదు. కొలవనిదానిని ఎంత చెబుతున్నదన్న ప్రశ్న కూడా వేయాలి.

ఆ ప్రశ్న వేయడానికి సాహిత్య విద్యార్థికి గణాంకశాస్త్రంలో పట్టా అవసరం లేదు. వాచ్యానికి, వ్యంగ్యానికి భేదం తెలిసి, ఉపమానం ఉపమేయానికి ఏమి చేస్తున్నదో గమనించే అలవాటు ఉంటే చాలు. మన శాస్త్రం ఇచ్చిన ఆ అలవాటును పద్యాల దగ్గర ఆపివేయక, పరిశోధన గ్రంథాల్లోని పటాల దగ్గరకు కూడా తీసుకువెళ్లడం నేటి తెలుగు పరిశోధకుల బాధ్యత.